ముత్తియాల్‌పేట పాత ట్యాంకికి మళ్ళీ నీళ్ళు

మా నీటి సరఫరా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజినీర్లతో కాసేపు మాట్లాడమని ఆమధ్య నన్ను పిలిచారు. రిటైరైనవాళ్ళను అప్పుడప్పుడు ఇలా పిలవడం మావాళ్ళకు అలవాటు. శాలువా కప్పుతారు, కాఫీ ఇస్తారు, ఏం చెప్పినా చప్పట్లు కొడతారు. ఆ రోజు వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మాకు కాలేజీలో కట్టడం నేర్పారు. పాతదాన్ని నిలబెట్టుకోవడం మాత్రం ఎవరూ చెప్పలేదు. దానికేం చేయాలి?" అని అడిగింది. నేను మైకు ముందు నాలుగు పెద్దమాటలు చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే, ఆ పిల్ల అడిగినదానికి నేను జవాబే చెప్పలేదని తట్టింది.

ఇది ఆ జవాబు. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళ సంగతులు ఇందులో ఉండవు. అవి ఎవరి సర్వీసులోనైనా ఒకేలా ఉంటాయి, ఎవరికీ పనికిరావు. ఒక్క ట్యాంకి గురించే చెబుతాను.

ట్యాంకి, నేను

నేను పుట్టింది పుదుచ్చేరిలో, ముత్తియాల్‌పేటలో. తెలుగు నేల నుంచి ఎన్ని తరాల కిందట వచ్చామో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నాకు పెళ్ళయ్యాకే వచ్చాయి. మా ఆయనది నెల్లూరు. "'యాడ' అని రాయకూడదు, 'ఎక్కడ' అని రాయాలి" అంటూ కూర్చోబెట్టి దిద్దించారు. అందుకే రాసేటప్పుడు 'ఎక్కడ' అంటాను, కోపమొస్తే 'యాడ' అంటాను.

మా పేట మధ్యలో ఫ్రెంచి కాలం నాటి నీళ్ళ ట్యాంకి ఒకటుంది. ఇటుకతో కట్టిన గుండ్రటి బురుజు, కింద చుట్టూ కమానులు, పైన రేకులకు రివెట్లు కొట్టి బిగించిన ఇనప తొట్టి. కాస్త దూరంలో కొత్త కాంక్రీటు ట్యాంకు వచ్చాక దీన్ని వాడటం మానేశారు. నీళ్ళు పోయినా పేరు పోలేదు. బస్సు దిగాలన్నా, ఆటో పిలవాలన్నా, పెళ్ళిపత్రికలో చిరునామా వేయాలన్నా "ట్యాంకి దగ్గర" అనేవాళ్ళు. అందరూ దాని పేరు చెప్పేవాళ్ళే, తలెత్తి దాన్ని చూసేవాళ్ళు లేరు. కమానుల నీడలో ఆటోలు నిలిచేవి. ఒక కమాను కింద కృష్ణవేణి ఇడ్లీలు, కాఫీ అమ్మేది. మా తెలుగువాళ్ళ పిల్లే, నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది.

ట్యాంకికి సరిగ్గా ఎదురుగా మా చిన్నాయన సభాపతికి స్టీలు పాత్రల అంగడి ఉంది. కథ ఆయనతోనే మొదలైంది.

కూల్చమని అర్జీ

ఒక వానాకాలం బురుజు గోడ మీది సిమెంటు పెచ్చు ఊడి, కింద ఆపిన స్కూటర్ సీటు మీద పడింది. స్కూటర్ మా చిన్నాయనది. మర్నాడే ఆయన ఊళ్ళోవాళ్ళ సంతకాలతో మా ఆఫీసుకు వచ్చాడు. నేను అక్కడే పని చేస్తున్నానని తెలిసి కూడా నన్ను దాటుకుని, నేరుగా మా పై అధికారి గదిలోకి వెళ్ళాడు. బయటికొచ్చాక నా బల్ల దగ్గర ఆగాడు.

"ఏంది లలితా, ప్రాణాలు పోయేదాకా చూస్తా ఉంటారా మీరు? ఆ ముసలి ట్యాంకిని పడగొట్టండి మ్మా. మా అంగడికి ఎండా రాదు, గాలీ రాదు. పొద్దన్నే దాని నీడ మా గల్లాపెట్టె మీదనే పడతా ఉండాది. వాస్తుకు మంచిది కాదంట."

"చిన్నాయనా, స్కూటర్ సీటు చినిగిందని ట్యాంకిని పడగొడతారా?"

"ఈరోజు సీటు. రేపు నా తల పగిలితే వచ్చి ఏడుస్తావా?"

మా పై అధికారి పేరు మురుగేశన్. ఆయన తమిళంలోనే మాట్లాడేవారు, నేను తెలుగులో రాస్తున్నాను. చెడ్డవాడు కాదు. ఏ పనినైనా మొదలు కాకముందే ముగించేసే నేర్పు ఆయనది. నన్ను పిలిచి, "అమ్మా, ఒకసారి వెళ్ళి చూసి, ప్రమాదకరంగా ఉందని రిపోర్టు ఇచ్చేయండి" అన్నారు.

"చూశాక ఇస్తాను సార్."

"చూడండి, తప్పకుండా చూడండి. చూడకుండా ఎలా ఇస్తారు?" అన్నారు. ఆయన మాటలో నాకు వినిపించిన వెటకారం ఆయన ఉద్దేశించింది కాదు. ఏం చూడాలో ముందే చెప్పినప్పుడు చూడటం తేలికని ఆయన నిజంగానే నమ్మేవారు.

వెళ్ళి చూశాను. బురుజు లోపలి నిచ్చెనెక్కి పైదాకా వెళ్ళాను. గోడంతా సుత్తితో తట్టుకుంటూ దిగాను. పాత సున్నం గార ఉన్నచోట గట్టి చప్పుడు. సిమెంటు పూత ఉన్నచోట డొల్ల చప్పుడు. సున్నం గోడ తడిని పీల్చుకుంటుంది, మళ్ళీ ఆరబెట్టుకుంటుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుపోయి, పూతను తోసేస్తుంది. ఆ సిమెంటు ఫ్రెంచివాళ్ళు పూసింది కాదు. కొన్నేళ్ళ కిందట మా విభాగమే 'మరమ్మతు' పేరుతో పూయించింది. స్కూటర్ మీద పడింది మా మరమ్మతు. ట్యాంకికి ఏ జబ్బూ లేదు.

అదే రాసిచ్చాను. మురుగేశన్ గారు చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"అమ్మా, మనం పూసిన పూతే ఊడిందని రాస్తే, ఇంక ఊడేది పూత కాదు, మన ఉద్యోగాలు."

"మరి ఏమని రాయమంటారు సార్?"

"మీరు రాయొద్దులెండి. బయటి నిపుణుడి చేత రాయిద్దాం."

ఆ నిపుణుడు కారులో వచ్చాడు. అద్దం దించి ట్యాంకిని చూశాడు. అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయాడు. కట్టడం శిథిలావస్థలో ఉందనీ, ఏ క్షణాన్నైనా కూలవచ్చనీ రిపోర్టు వచ్చింది. భాష చాలా బాగుంది. నా రిపోర్టులో అంత మంచి ఇంగ్లీషు లేదు.

కొత్తగా చేరేవాళ్ళకు ఇక్కడ ఒక మాట. మీరు ఎక్కి చూసి రాసినదాని కంటే, ఎక్కకుండా రాసినదానికే విలువ ఎక్కువగా కనిపిస్తుంది. అయినా ఎక్కండి. తర్వాత ఎప్పుడైనా వాదించాల్సి వస్తే, మీ మాట మీద మీకైనా నమ్మకం ఉంటుంది.

కూల్చొద్దని అర్జీ

కూల్చివేత నోటీసు కమానుకు అంటించారు. ఆ సాయంత్రమే చిన్నాయన మా ఇంటికొచ్చాడు. గెలిచినవాడి ముఖం కాదది. చేతిలో ఆయన అంగడి సంచి ఉంది, పాత్రలు కొన్నవాళ్ళకిచ్చే గుడ్డ సంచి.

"చదువు" అన్నాడు.

సంచి మీద తమిళంలో అంగడి పేరు, దాని కింద "ట్యాంకి ఎదురుగా, ముత్తియాల్‌పేట" అని ఉంది.

"ఇవి కొత్తగా అచ్చేయించినవి మ్మా. గోడౌన్ నిండా ఉండాయి. బోర్డు మీద అదే, బిల్లు మీద అదే. కల్యాణానికి పాత్రలు కొనేదానికి విల్లుపురం నుంచి వస్తారు, ట్యాంకి యాడ అని అడుక్కుంటా వస్తారు. రేపు ట్యాంకి లేకపోతే నేను దేనికి ఎదురుగా ఉండాల?"

నవ్వాపుకోవడానికి లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళాను. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"నవ్వబాక లలితా. మా నాయన ఆ అంగడి పెట్టినప్పటి నుంచీ అదే గుర్తు. నేను సుమ్మా, ఊరికే కోపంలో రాసిచ్చినా. వీళ్ళు నిజంగానే పడగొడతారని ఎవుడనుకున్నాడు? మామూలుగా మీ ఆఫీసులో అర్జీ ఇస్తే ఏం జరగదు గదా!"

మా ఆఫీసు మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మర్నాటి నుంచి ట్యాంకి పరిరక్షణకు చిన్నాయనే పెద్ద. వాట్సాప్ గ్రూపు పెట్టాడు. కూల్చమని సంతకం పెట్టినవాళ్ళందరి చేతా కూల్చొద్దని సంతకం పెట్టించాడు. ఆటోలవాళ్ళు వచ్చారు, కృష్ణవేణి గిన్నెలు కడగడం మాని వచ్చింది. కమానుల కింద సభ జరిగింది. మీద పడుతుందని నోటీసు వేసిన కట్టడం కిందే అంతమంది కూర్చుని, అది పడదని ఉపన్యాసాలిచ్చారు.

ఆ గోల విని ఒక పెద్దాఫీసరు వచ్చారు. ఊరికి కొత్త, ఫోటోలంటే ఇష్టం. ట్యాంకి చుట్టూ తిరిగి, జనాన్ని చూసి, "ఇది మన వారసత్వం. దీన్ని కూల్చడమేమిటి?" అన్నారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మురుగేశన్ గారు.

మా ఊళ్ళో బీచి పక్క ఫ్రెంచి వీధుల్లో పాతగోడ ఉంటే దాన్ని వారసత్వం అంటారు. ముత్తియాల్‌పేటలో ఉంటే పాతగోడ అంటారు. మా పేటకు ఆ మాట రావడం అదే మొదటిసారి. అందరం పొంగిపోయాం, నేను కూడా. ఇంక ట్యాంకికి ప్రమాదం లేదనుకున్నాను.

వారసత్వం వచ్చిపడింది

ఒక కమిటీ వేశారు. కమిటీ తరఫున ప్రణవ్ అనే ఆర్కిటెక్టు వచ్చాడు. కుర్రవాడు, పనిమంతుడు, పాత కట్టడాలంటే ప్రాణం. ట్యాంకి దగ్గరికెళ్ళి అతను ముందు గోడను చేత్తో తడిమి చూశాడు. అందుకు అతనంటే నాకు ఇష్టం కలిగింది. తర్వాత మాట్లాడాడు.

బురుజుకు ఆవపసుపు రంగు, అంచులకు తెలుపు. రాత్రికి రంగురంగుల లైట్లు. చుట్టూ ఇనప కంచె, లోపల గడ్డి. 'ప్రజల చిహ్నం' అని మూడు భాషల్లో బోర్డు, దాని కింద 'లోనికి ప్రవేశం లేదు' అని ఇంకో బోర్డు.

"ఇది ఎప్పుడూ సున్నం తెలుపే బాబూ. పసుపు ఎక్కడిది?" అన్నాను.

"బీచి దగ్గరి ఫ్రెంచి ఇళ్ళు పసుపు కదా, టూరిస్టులు పుదుచ్చేరి అంటే పసుపే అనుకుంటారు మేడమ్."

కంచె గుంతలు తవ్వే రోజు కృష్ణవేణికీ ఆటోలవాళ్ళకూ ఖాళీ చేయమని చెప్పారు. ఆమె నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఏంది అక్కా ఇది? పడగొట్టేటప్పుడు నన్ను పొమ్మన్నారు, సరే. ఇప్పుడు కాపాడేటప్పుడు గూడా నన్నే పొమ్మంటే ఎట్ట? దాని కోసం అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నదాన్ని నేను. అంతా చేసి నేను యాడికి పోవాల?"

చిన్నాయన మాత్రం మొదట్లో సంబరపడ్డాడు. అంగడి ముందు శుభ్రంగా ఉంటుందన్నాడు. శుభ్రం కాగానే ఆయనకు బేరాలు తగ్గాయి. ఆటోలు లేకపోతే దిగేవాళ్ళు లేరు. ఇడ్లీలు లేకపోతే ఆగేవాళ్ళు లేరు. "ఇప్పుడు అందరూ ట్యాంకిని చూసేదానికే వస్తుండారు మ్మా. ఫోటో తీసుకుంటారు, పోతారు. ఒక గరిటె కొనేవాడు లేడు" అన్నాడు. కూల్చివేత కంటే కాపాడటమే ఆ వీధిని త్వరగా ఖాళీ చేసింది.

చాలా రోజులు దీని గురించే ఆలోచించాను. ట్యాంకి బతికింది, దాని చుట్టూ బతికేవాళ్ళు వెళ్ళిపోతున్నారు. బొమ్మగా నిలబెట్టడానికైతే ఇంత అల్లరి ఎందుకు? అది నీళ్ళ కోసం కట్టింది. ఇనప తొట్టికి నీళ్ళే ఆరోగ్యం కూడా. సగం వానా సగం ఎండా తగులుతూ ఖాళీగా ఉంటేనే త్వరగా తుప్పు తింటుంది. దానికి మళ్ళీ నీళ్ళు పెడితే చాలా సంగతులు వాటంతటవే సర్దుకుంటాయి. కానీ నేను వెళ్ళి వారసత్వం గురించీ పేదల గురించీ చెబితే మురుగేశన్ గారు కాఫీ ఇచ్చి పంపిస్తారు. అందుకని వేరే దారిన వెళ్ళాను.

"సార్, ట్యాంకి స్థలం తమ పేరుకు మార్చమని కమిటీవాళ్ళు అడిగారట."

ఆయన కాగితాల మీంచి తల ఎత్తారు. "ఏ స్థలం? మన స్థలమా?"

"మనదే సార్. ట్యాంకి వాడకంలో లేదు కాబట్టి మనకు అక్కర్లేదంటున్నారు."

"వాడకంలో లేకపోతే ఇచ్చేస్తామా? బాగుంది!" కాసేపు ఫ్యాను వైపు చూశారు. "అమ్మా, వాడకంలో ఉంటే?"

ఆ ప్రశ్న ఆయన నోటితో రావాలనే నేను వచ్చాను. "అప్పుడు అది నీటి కట్టడం సార్. వాల్వు దగ్గరికి దారి ఉండాలి. కమానులు మూయడానికి లేదు. కుళాయి పెడితే జనం రావాలి, గేటు తెరిచే ఉండాలి."

"మీ పాత రిపోర్టు ఉందా?" అని అడిగారు. ట్యాంకి గట్టిగా ఉందని నేను రాసినదాన్ని ఆయన ఆ రోజు చాలా మెచ్చుకున్నారు.

నా సర్వీసంతా చూసి చెబుతున్నాను. మా ఆఫీసుల్లో ఏ కట్టడమూ ప్రేమ వల్ల మిగలలేదు. పక్క ఆఫీసుకు ఇవ్వడం ఇష్టంలేక మిగిలాయి. మీకు కావలసిన పని జరగాలంటే, మీ పై అధికారి దేన్ని ప్రేమిస్తాడో కాదు, దేన్ని వదులుకోడో చూడండి.

నీళ్ళు పట్టిన రోజులు

తొట్టి లోపలి తుప్పు గీకించి పూత వేయించాం. తాగడానికి కాదు, వీధి వాడకానికి నీళ్ళు. ఊడుతున్న సిమెంటంతా తీయించి మళ్ళీ సున్నం గార పెట్టించాను. ఆ తర్వాత అసలు పరీక్ష. ఎంతోకాలం ఎండి ఉన్న తొట్టిలో ఒక్కసారి నీళ్ళు నింపకూడదు. కొంత పట్టి ఆపాలి, బురుజు ఎటైనా ఒరుగుతోందా, దిగుతోందా చూడాలి, మళ్ళీ కొంత పట్టాలి. చుట్టూ తాడు కట్టి జనాన్ని దూరంగా నిలబెట్టాం. కొలిచే పరికరాన్ని చిన్నాయన అంగడి మెట్టు మీద పెట్టాను. ఆయన వచ్చినవాళ్ళందరికీ అది తన సొంత యంత్రమన్నట్టు చూపించాడు. కృష్ణవేణి పొయ్యి తెచ్చి ఆ పక్కనే పెట్టుకుంది. పరీక్ష చూడటానికొచ్చిన జనానికి ఇడ్లీలు చాల్లేదు.

మొదట ఏమీ కాలేదు. సగం దాటాక తొట్టి రివెట్ల దగ్గర చెమ్మ కనిపించింది. చూస్తుండగా బొట్లయింది, బొట్లు ధారలయ్యాయి. జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. ఎవరో "పడిపోతా ఉండాది!" అని అరిచారు. మురుగేశన్ గారి ముఖం తెల్లబోయింది.

"మూసెయ్యండి! వాల్వు తిప్పి నీళ్ళన్నీ వదిలెయ్యండి!"

"నీళ్ళు పట్టడం ఆపుదాం సార్. వదలొద్దు."

"అమ్మా, కారుతోంది!"

"కారుతోంది. ఒరగలేదు."

పరికరంలో చూస్తూనే ఉన్నాను. బురుజు వెంట్రుకవాసి కదల్లేదు. అయినా మళ్ళీ మళ్ళీ కొలత చదివాను. ఎక్కి చూసింది నేనే, బాగుందన్నదీ నేనే. పడితే మా పేటవాళ్ళ మీదే పడుతుంది. అద్దం దించి చూసి వెళ్ళిన నిపుణుడి మాట నిజమైతే ఎలా అని ఆ ఒక్క గంటలో చాలాసార్లు అనుకున్నాను. కొలతలు తెలిసినంత మాత్రాన భయం పోదు. భయంలో కూడా కొలత చదవడమే మన పని.

చిన్నాయన నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఎగతాళి లేదు. "నువ్వు యాడ నిలబడితే నేనూ ఆడనే ఉంటా లే" అన్నాడు మెల్లగా.

రివెట్లు కొట్టిన పాత తొట్టెల్లో మొదట అలాగే కారుతుంది. సందుల్లో కొత్త తుప్పు పట్టి, ఆ తుప్పే సందును మూస్తుంది. పుస్తకంలో చదివాను, కళ్ళతో అప్పటిదాకా చూడలేదు. మర్నాటికి ధారలు బొట్లయ్యాయి. ఇంకొన్నాళ్ళకు గోధుమరంగు మరకలు మిగిలాయి. నిండా పట్టాం. ట్యాంకి నిలబడింది.

కుళాయి తిప్పిన రోజు ప్రణవ్ వచ్చాడు. ఇనప తొట్టి మీది మరకలు చూసి, "పాడైపోయింది మేడమ్, ఫోటోల్లో ఇవి బాగుండవు" అన్నాడు. కాసేపు అక్కడే నిలబడ్డాడు. కృష్ణవేణి బిందెలో నీళ్ళు పట్టుకుంటుంటే, ఆటోలవాళ్ళు అద్దాలు కడుక్కుంటుంటే చూశాడు. వెళ్ళేముందు ఫోన్ తీసి మరకలతో సహా ఫోటో తీసుకున్నాడు. పసుపురంగు మాట మళ్ళీ ఎత్తలేదు. కంచె మాత్రం అప్పటికే కొనేశారు కాబట్టి పెట్టక తప్పలేదు. గేటు తెరిచే ఉంటుంది. 'లోనికి ప్రవేశం లేదు' బోర్డు లోపలే కృష్ణవేణి పొయ్యి ఉంది.

ఆ అమ్మాయికి నేను చెప్పాల్సింది ఇదే. పాతదాన్ని నిలబెట్టాలంటే దానికి పని ఇవ్వాలి. దండ వేసినదాన్ని ఎవరూ పట్టించుకోరు. నీళ్ళు రాకపోతే మాత్రం వీధంతా వచ్చి తలుపు కొడుతుంది.

రిటైరయ్యాక వారానికోసారి అక్కడికెళ్ళి ఇడ్లీ తింటాను. కిందటి వారం పర్యాటకుల గుంపొకటి వచ్చింది. దీన్ని ఎవరు కట్టారు, ఎవరు కాపాడారు అని వాళ్ళు తమిళంలో కృష్ణవేణిని అడిగారు. ఆమె గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని చెప్పింది. ఒక ఫ్రెంచి దొర తన భార్య స్నానానికి కట్టించాడట. కూల్చడానికి మనుషులు వచ్చినప్పుడు ఆ దొరసానమ్మ ఆఫీసరు కలలోకి వచ్చి వద్దని ఏడ్చిందట. వాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు, తలా రెండు కాఫీలు తాగారు, బోర్డు పక్కన నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళారు.

"ఏంది వేణీ, ఆ దొరసాని ఎవరు?" అన్నాను.

"నువ్వే గదా అక్కా" అంది, నా ప్లేటులో ఇంకో ఇడ్లీ వేస్తూ. "సుత్తి పట్టుకొని నిచ్చెనెక్కిన ఇంజినీరమ్మ అంటే వాళ్ళు నమ్ముతారా ఏంది?"